అరలీటరు అంటే 16.9 ఔన్సులా, 17.6 ఔన్సులా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. టెక్సాస్ వచ్చి కొద్ది రోజులే అయింది, ఇంట్లో అన్నీ మి.లీ.లో, లీటర్లలో అలవాటు. ఇక్కడేమో పాలు గాలన్లు, నూనె ఔన్సులు, ఇంజిన్ ఆయిల్ క్వార్టులు. 500 మి.లీ.ని ఫోన్‌లో మారిస్తే ఒక యాప్ 16.9 ఔన్సులు చూపించింది, ఇంకోటి 17.6 చూపించింది. ఏది నమ్మాలి, ఏం గుర్తుపెట్టుకోవాలి?

అమెరికాలో ఉన్నారు కాబట్టి 16.9 సరైనది. 17.6 బ్రిటిష్ ఔన్సు లెక్క. ఆ రెండో యాప్‌లో యూనిట్ "యూకే" అనో "ఇంపీరియల్" అనో ఉండి ఉంటుంది, చూసి మార్చుకోండి. గుర్తుపెట్టుకోవాల్సినవి రెండే రెండు:

1 అమెరికా ఫ్లూయిడ్ ఔన్సు = 29.57 మి.లీ.
1 అమెరికా గాలన్ = 3.785 లీటర్లు

మి.లీ.ని 29.57తో భాగిస్తే ఔన్సులు వస్తాయి. లీటర్లను 3.785తో భాగిస్తే గాలన్లు వస్తాయి. మిగతా పేర్లన్నీ వీటి మధ్య సగాలూ రెట్లే. గాలన్‌లో సగం అరగాలన్, అందులో సగం క్వార్టు, అందులో సగం పింటు, అందులో సగం కప్పు. మన కుంచం, అడ్డ, మానిక, తవ్వ, సోల, అరసోల, గిద్ద ఎలా సగం సగం దిగుతూ వస్తాయో ఇదీ అదే పద్ధతి. ఇంట్లో పెద్దవాళ్లు మానికతో బియ్యం కొలవడం చూసినవాళ్లకి ఇది ఇట్టే పట్టుబడుతుంది. కప్పులో 8 ఔన్సులు, ఔన్సులో 2 టేబుల్‌స్పూన్లు, టేబుల్‌స్పూన్‌లో 3 టీస్పూన్లు. ఆ చివరి మెట్టు దగ్గర మాత్రం సగం కాదు, మూడోవంతు. మందుల దగ్గర పెద్ద తప్పులు జరిగేది కూడా అక్కడే, దాని గురించి కింద రాస్తాను.

ఫ్రిజ్ మీద అతికించుకోవడానికి:

1 టీస్పూన్: 4.93 మి.లీ.
1 టేబుల్‌స్పూన్: 14.79 మి.లీ.
1 ఔన్సు: 29.57 మి.లీ.
1 కప్పు: 236.6 మి.లీ.
1 పింటు: 473.2 మి.లీ.
1 క్వార్టు: 946.4 మి.లీ.
అరగాలన్: 1.893 లీటర్లు
1 గాలన్: 3.785 లీటర్లు

రెండు గాలన్లు ఎందుకున్నాయి

ఇంగ్లండులో ఆన్ రాణి కాలంలో, 1707లో, వైన్ గాలన్‌ను 231 ఘనపు అంగుళాలుగా నిర్ణయించారు. అమెరికా దాన్నే ఉంచుకుంది. బ్రిటన్ మాత్రం 1824లో పాత గాలన్లన్నీ తీసేసి, 10 పౌన్ల నీళ్లు పట్టే కొత్త గాలన్ తెచ్చుకుంది. అది ఇప్పుడు 4.546 లీటర్లు. అంటే బ్రిటిష్ గాలన్ అమెరికా గాలన్ కంటే 20 శాతం పెద్దది.

తికమక ఎక్కడంటే, గాలన్ పెద్దదైనా బ్రిటిష్ ఔన్సు చిన్నది. వాళ్లు గాలన్‌ను 160 ఔన్సులుగా విడగొట్టారు, అమెరికాలో 128. అందుకే బ్రిటిష్ ఔన్సు 28.41 మి.లీ., అమెరికా ఔన్సు 29.57 మి.లీ. చిన్న ఔన్సుతో కొలిస్తే ఎక్కువ ఔన్సులు పడతాయి, అందుకే మీ రెండో యాప్‌లో 17.6 వచ్చింది. ఔన్సుల్లో ఈ తేడా 4 శాతమే కాబట్టి వంటలో ఎవరూ గమనించరు. పింటు దగ్గర 473కీ 568కీ మధ్య తేడా ఉంటుంది, అక్కడ బాగా తెలుస్తుంది. గాలన్ల దగ్గర, ముఖ్యంగా కారు మైలేజీ పోల్చేటప్పుడు, లెక్క మొత్తం తప్పుతుంది. లండన్‌లో ఉండే చుట్టాలు "మా కారు గాలన్‌కి 40 మైళ్లు ఇస్తుంది" అంటే మీ లెక్కలో అది 33.3 మైళ్లే.

1959లో అంగుళాన్ని సరిగ్గా 25.4 మిల్లీమీటర్లుగా ఖాయం చేశారు. కాబట్టి 231 ఘనపు అంగుళాల గాలన్ కూడా సరిగ్గా 3.785411784 లీటర్లు. ఇందులో ఉజ్జాయింపు ఏమీ లేదు. అందువల్ల రెండు యాప్‌ల మధ్య మూడో నాలుగో దశాంశంలో తేడా ఉంటే అది గుండ్రం చేయడం వల్ల వచ్చింది, పట్టించుకోవద్దు. మొదటి రెండు అంకెల్లోనే తేడా ఉంటే యూనిట్ తప్పు ఎంచుకున్నట్టు.

నోటి లెక్కలు

షాపులో నిలబడి ఉన్నప్పుడు 29.57తో ఎవరూ భాగించరు. మి.లీ.ని 30తో భాగించండి, తప్పు ఒకటిన్నర శాతం లోపే ఉంటుంది. 750 మి.లీ. అంటే 25 అని వస్తుంది, అసలు 25.4. చాలు.

లీటర్లు, క్వార్టులు దాదాపు సమానం. లీటరు కాస్త పెద్దది, 1.057 క్వార్టులు. లీటర్ల అంకెకు ప్రతి నూటికి ఆరు చొప్పున కలిపితే క్వార్టులు. గాలన్లు కావాలంటే ఆ వచ్చినదాన్ని నాలుగుతో భాగించండి. 20 లీటర్ల వాటర్ క్యాన్ ఎన్ని గాలన్లు? 20కి ఆరు శాతం కలిపితే 21.2, నాలుగో వంతు 5.3. అసలు జవాబు 5.28. ఇక్కడ వాటర్ డిస్పెన్సర్ మీద పెట్టే 5 గాలన్ల సీసా 18.9 లీటర్లు, అంటే మన ఇరవై లీటర్ల క్యాన్ కంటే లీటరు పైచిలుకు తక్కువ.

తిరుగు లెక్క: గాలన్లను నాలుగుతో గుణించి అందులో 5 శాతం తీసేస్తే లీటర్లు.

ఒక జాగ్రత్త. గుండ్రం చేసిన చిన్న యూనిట్‌తో పెద్ద లెక్క కట్టకండి. కప్పు 240 అనుకుని 16తో గుణిస్తే గాలన్ 3,840 మి.లీ. అని వస్తుంది, నిజానికి 3,785. కప్పు దగ్గర మూడున్నర మి.లీ. పొరపాటు గాలన్ దగ్గరకొచ్చేసరికి 55 మి.లీ. అవుతుంది. పెద్ద పరిమాణాన్ని గాలన్ అంకెతోనే మార్చండి, గుండ్రం చేయడం ఆఖరున చేయండి.

వంటింట్లో: మార్చకుండా కొలవగలిగితే అదే మేలు

ఇది చాలామంది పట్టించుకోరు. ఇక్కడ దొరికే గాజు కొలత జగ్గులకు ఒకవైపు కప్పులు, ఔన్సులు, రెండోవైపు మి.లీ. గీతలు ఉంటాయి. మీ వంటకం మి.లీ.లో ఉంటే మి.లీ. గీతతోనే కొలవండి. జగ్గును చేత్తో పైకెత్తి చూడకుండా గట్టు మీద పెట్టి, కళ్లు గీత ఎత్తుకు వచ్చేలా వంగి చూడాలి. నీళ్ల అంచు గాజుకు అంటుకుని కాస్త పైకి పాకి ఉంటుంది, మధ్యలో కిందికి ఉన్న మట్టాన్నే లెక్కలోకి తీసుకోవాలి. పైనుంచి చూసి కొలిచేవాళ్లకు వచ్చే తేడా, 237కీ 240కీ మధ్య తేడా కంటే ఎక్కువే ఉంటుంది.

జగ్గు లేక కప్పులూ చెంచాల సెట్టుతోనే కొలవాలంటే పెద్ద దాన్నుంచి తీసేస్తూ రండి. ఉదాహరణకు 375 మి.లీ. కొబ్బరిపాలు కావాలి. కప్పున్నర 355 మి.లీ. మిగిలింది 20. టేబుల్‌స్పూన్ 15, మిగిలింది 5, అంటే ఒక టీస్పూన్. కాబట్టి కప్పున్నర, ఒక టేబుల్‌స్పూన్, ఒక టీస్పూన్. అలాగే 200 మి.లీ. క్రీమ్ అంటే ముప్పావు కప్పు, ఒకటిన్నర టేబుల్‌స్పూన్. 150 మి.లీ. నూనె అంటే అరకప్పు, రెండు టేబుల్‌స్పూన్లు, రెండు మి.లీ. తక్కువొస్తుంది, నూనెకు అది లెక్కలోకి రాదు.

కోవాకో పనీర్‌కో 2 లీటర్ల పాలు అని ఉంటే అరగాలన్ డబ్బా 1.893 లీటర్లే. 107 మి.లీ. తక్కువ, అంటే అరకప్పుకు కొంచెం లోపు. ఇంకో డబ్బా కొనాల్సిన పని లేదు. చక్కెరను ఇరవయ్యో వంతు తగ్గించండి, సరిపోతుంది.

అసలు గొడవ ఏ కప్పు అన్న దగ్గర వస్తుంది. కప్పు అన్న పేరుతో నాలుగు కొలతలు తిరుగుతున్నాయి:

అమెరికా వంట కప్పు 236.6 మి.లీ. ప్యాకెట్ వెనక పోషకాల పట్టీలో లెక్క కట్టేటప్పుడు ఇదే కప్పును 240గా, ఔన్సును 30గా, టేబుల్‌స్పూన్‌ను 15గా, టీస్పూన్‌ను 5గా తీసుకోమని ఇక్కడి ప్రభుత్వ నియమం. ఈ రెంటి మధ్య తేడా వంటకు పట్టదు. మూడోది మెట్రిక్ కప్పు, 250 మి.లీ. ఇండియాలో కొన్న ప్లాస్టిక్, స్టీలు కప్పుల సెట్లలో 240 ఉంటుంది, 250 కూడా ఉంటుంది. అడుగున రాసి ఉంటే చూడండి. నాలుగోది రైస్ కుక్కర్‌తో వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు. అది చాలావరకు 180 మి.లీ., అంటే ముప్పావు కప్పు. కుక్కర్ గిన్నె లోపలి నీటి గీతలు ఆ 180 కప్పుకే సరిపోయేలా వేసి ఉంటాయి. ఆ కప్పు పోయి, అమెరికా కప్పుతో మూడు కప్పుల బియ్యం పోసి, గిన్నెలో "3" గీత దాకా నీళ్లు పోస్తే అన్నం పలుకుగా ఉండిపోతుంది, ఎందుకంటే మీరు పోసింది దాదాపు నాలుగు కుక్కర్ కప్పుల బియ్యం. గీతతో పని పెట్టుకోకుండా ఒకే కప్పుతో బియ్యమూ నీళ్లూ కొలిస్తే ఏ కప్పైనా ఫర్వాలేదు.

మీ దగ్గరున్న కప్పు ఏదో తెలియకపోతే వంటింటి త్రాసు మీద పెట్టి సున్నా చేసి, అంచు దాకా నీళ్లు నింపి తూచండి. గ్రాముల అంకె దాదాపు మి.లీ. అంకే. 236 దగ్గర వస్తే అమెరికా కప్పు, 250 దగ్గర వస్తే మెట్రిక్, 180 వస్తే కుక్కర్ కప్పు.

అన్నీ ఒకే కప్పుతో కొలిస్తే నిష్పత్తి మారదు కదా అంటారు. సాంబారుకు నిజమే. కేకుకు కాదు. 250 కప్పుతో అమెరికా కేకు చేస్తే పిండి, చక్కెర, పాలు దాదాపు 6 శాతం పెరుగుతాయి. గుడ్లు మాత్రం రెండే, బేకింగ్ పౌడర్ అదే టీస్పూన్. కేకు కాస్త బిగుసుగా వస్తుంది, పాన్ కూడా చిన్నదవుతుంది. ఆస్ట్రేలియా వంటకాలు చూసేవాళ్లకు ఇంకో మెలిక: అక్కడి టేబుల్‌స్పూన్ 20 మి.లీ.

ఔన్సు రెండు రకాలు: ఒకటి బరువు, ఒకటి పరిమాణం

యూకే, అమెరికా తేడా కంటే ఇది ఎక్కువ మందిని తప్పుదోవ పట్టిస్తుంది. బరువు ఔన్సు 28.35 గ్రాములు. ద్రవం ఔన్సు 29.57 మి.లీ. ఇంగ్లిష్‌లో ముందు "ఫ్లూయిడ్" అన్న మాట, లేబుల్ మీద "ఎఫ్ఎల్" అన్న రెండక్షరాలు ఉంటే అది పరిమాణం. "నెట్ వెయిట్" అని ఉంటే అది బరువు. నీళ్లకు ఈ రెండూ దాదాపు కలిసిపోవడం వల్ల అన్నిటికీ కలుస్తాయనుకుంటాం.

షెల్ఫ్‌లో రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి చూడండి. కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా మీద 14 ఔన్సులు, నెట్ వెయిట్. అది 397 గ్రాములు. చిక్కటి సరుకు కాబట్టి పరిమాణంలో సుమారు 300 మి.లీ., కప్పూ పావు మాత్రమే. కొబ్బరిపాల డబ్బా మీద 13.5, కానీ ఎఫ్ఎల్ అని ఉంటుంది. అది 400 మి.లీ. అంకె చూసి కండెన్స్‌డ్ మిల్క్ ఎక్కువ అనుకుంటాం, గిన్నెలో పోస్తే కొబ్బరిపాలే నిండుగా కనిపిస్తాయి.

తేనె సీసా 12 ఔన్సులంటే బరువే, 340 గ్రాములు. కప్పులో పోస్తే ఒక్క కప్పు, అంటే 8 ఫ్లూయిడ్ ఔన్సులే. నెయ్యి దీనికి తిరగబడి ఉంటుంది. నెయ్యి నీళ్ల కంటే తేలిక, మి.లీ.కి సుమారు 0.91 గ్రాములు. 16 ఔన్సుల బరువున్న నెయ్యి సీసాలో 454 గ్రాములు, అంటే దాదాపు 500 మి.లీ. ఉంటుంది. పింటు, అంటే 473, అనుకుని కొన్నవాళ్లకు కాస్త లాభమే. మన దగ్గర లీటరు నూనె ప్యాకెట్ మీద పక్కనే 910 గ్రాములని రాసేది కూడా ఈ సాంద్రత వల్లే. పెరుగు డబ్బాలు ఇక్కడ బరువులో అమ్ముతారు. 32 ఔన్సుల డబ్బా 907 గ్రాములు.

అదృష్టం ఏమిటంటే, 1994 నుంచి అమెరికాలో చాలా ప్యాకెట్ల మీద రెండు పద్ధతులూ రాయడం తప్పనిసరి. కాబట్టి లెక్క కట్టే ముందు లేబుల్ చివర బ్రాకెట్‌లో చూడండి, మి.లీ. అనో గ్రాములనో రాసే ఉంటుంది. గ్రాములని ఉంటే అది బరువు ఔన్సు అని వెంటనే తెలిసిపోతుంది. సోడా 2 లీటర్ల సీసా, నీళ్ల అరలీటరు సీసా, 750 మి.లీ. వైన్ సీసా ఇక్కడా మెట్రిక్‌లోనే అమ్ముతారు, ఔన్సుల అంకె పక్కన ఊరికే ఉంటుంది.

ధరలు పోల్చేటప్పుడు షెల్ఫ్ పట్టీ మీద చిన్న అక్షరాల్లో ఉండే యూనిట్ ధర చూడండి. ఒక బ్రాండుకు ఔన్సు ధర, పక్క బ్రాండుకు క్వార్టు ధర వేసి ఉండటం మామూలే. క్వార్టు ధరను 32తో భాగిస్తే ఔన్సు ధర వస్తుంది.

బెర్రీలు, చిన్న టమాటాలు పింటు డబ్బాల్లో అమ్ముతారు. అది పొడి పింటు, 551 మి.లీ. ద్రవాలకు వాడే పింటు వేరు. పాలకు, నూనెకు ఈ పొడి పింటు వాడరు, కాబట్టి ఇంతటితో వదిలేద్దాం.

మందులు: ఇక్కడ ఉజ్జాయింపు వద్దు

పిల్లల సిరప్‌లకు ఔన్సులు, కప్పులు, ఇంటి చెంచాలు అసలు వాడకండి. మందుతో పాటు ఇచ్చే సిరంజి లేదా చిన్న కొలత మూతతో మి.లీ.లోనే కొలవండి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో ఇదే చెప్పింది: చీటీలోనూ లేబుల్ మీదా మి.లీ. మాత్రమే ఉండాలని. కారణం టీస్పూన్, టేబుల్‌స్పూన్ పొట్టి రాతల మధ్య ఒకటి రెండు అక్షరాలే తేడా, కానీ మోతాదు మూడు రెట్లు. 5 మి.లీ. పోయాల్సిన చోట 15 పోసినట్టు. పాత వంటకాల్లో చిన్న "టీ" అక్షరం టీస్పూన్, పెద్ద "టీ" అక్షరం టేబుల్‌స్పూన్. కూరకైతే ఉప్పు ఎక్కువవుతుంది, మందుకైతే ఆసుపత్రికి పరుగెత్తాలి.

మి.లీ. సరిగ్గా కొలిచినా గాఢత మారితే మోతాదు మారుతుంది. ఇక్కడి పిల్లల ఎసిటమినోఫెన్ సిరప్ 5 మి.లీ.లో 160 మిల్లీగ్రాములు. మన దగ్గర పారాసిటమాల్ సిరప్‌లు 5 మి.లీ.కి 120, 125, 250 మిల్లీగ్రాముల్లో దొరుకుతాయి, చుక్కల మందు ఇంకా గాఢం. ఎసిటమినోఫెన్, పారాసిటమాల్ రెండూ ఒకే మందు. ఇండియా నుంచి తెచ్చిన సీసా అయిపోయి ఇక్కడి సీసా మొదలుపెట్టినప్పుడు "అప్పుడూ 5 మి.లీ. పోశాం, ఇప్పుడూ 5 పోద్దాం" అనకండి. పిల్ల బరువు చెప్పి, ఎన్ని మిల్లీగ్రాములో డాక్టర్‌నో ఫార్మసిస్ట్‌నో అడిగి, ఆ సీసా లెక్కన మి.లీ. తేల్చుకోండి.

పసిపిల్లలకు పట్టే పాలపొడి కూడా ఇలాంటిదే. ఇండియా డబ్బాల్లో సాధారణంగా 30 మి.లీ. నీళ్లకు ఒక చెంచా పొడి, ఇక్కడి డబ్బాల్లో సాధారణంగా 2 ఔన్సులకు, అంటే 60 మి.లీ.కి, ఒక చెంచా. చెంచాల సైజు వేరు కనుక అలా ఉంటుంది. పాత డబ్బా చెంచా కొత్త డబ్బాలో వేయకూడదు, పాత లెక్క కొత్త డబ్బాకు పెట్టకూడదు. పాలసీసా మీద రెండు గీతలూ ఉంటాయి. మొదట నీళ్లు కొలిచి, తర్వాత పొడి వేయాలి.

కారు

లీటరుకు కిలోమీటర్ల అంకెను 2.35తో గుణిస్తే గాలన్‌కు మైళ్లు. లీటరుకు 15 అంటే గాలన్‌కు 35. తిరుగు దారిలో 0.425తో గుణించండి. పెట్రోలు గాలన్ 3 డాలర్లంటే లీటరు 79 సెంట్లు.

ఇంజిన్ ఆయిల్ దగ్గర లీటరూ క్వార్టూ ఒకటేలే అనుకోవడం వల్ల రెండు వైపులా తప్పు జరుగుతుంది. మాన్యువల్‌లో 4.2 లీటర్లని ఉందనుకోండి, అది 4.4 క్వార్టులు. షాపులో దొరికే పెద్ద జగ్ 5 క్వార్టులు, 4.73 లీటర్లు. మొత్తం పోసేస్తే అరలీటరు పైన ఎక్కువవుతుంది. ఇంజిన్ లోపలి ఇరుసు (క్రాంక్) తిరిగేటప్పుడు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, ప్రెషర్ పడిపోవచ్చు. 4 లీటర్లు పట్టే ఇంజిన్‌కు 4 క్వార్టులు పోస్తే 215 మి.లీ. తక్కువ పడుతుంది. మాన్యువల్‌లో ఫిల్టర్ మార్చినప్పటి అంకె, మార్చనప్పటి అంకె విడిగా ఉంటాయి, సరైనది చూడండి. లెక్కలో వచ్చినదానికంటే కాస్త తక్కువ పోసి, ఇంజిన్ ఒక నిమిషం తిప్పి ఆపి, కాసేపు ఆగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూసి మిగతాది కలపండి. డిప్‌స్టిక్ గీతకు యూనిట్‌తో పని లేదు.

కలిపే మందులు, క్లీనర్లు

పెరటి మొక్కలకు వేపనూనె పిచికారీ చేసేవాళ్లు తరచుగా అడుగుతారు. గాలన్‌లో 128 ఔన్సులు కాబట్టి "గాలన్‌కు 1 ఔన్సు" అంటే లీటరుకు 7.8 మి.లీ. మన వ్యవసాయ సలహాల్లో "లీటరుకు 5 మి.లీ." అంటే గాలన్ డబ్బాకు 19 మి.లీ., నాలుగు టీస్పూన్లకు కొద్దిగా తక్కువ. లేబుల్ మీద 50కి 1 లాంటి నిష్పత్తి ఉంటే మార్చనే అక్కర్లేదు, రెంటినీ ఒకే యూనిట్‌తో కొలిస్తే చాలు.

ఇండియాలోనూ గాలన్ తప్పదు: ఆర్ఓ మెషిన్

మీ ప్రశ్న చివర్లో అమ్మావాళ్లింట్లో ఆర్ఓ మెంబ్రేన్ (నీళ్లను శుద్ధి చేసే పొర) మీద "75 జీపీడీ" అని ఉంది, అదేమిటి అని అడిగారు. రోజుకు 75 గాలన్లు అని అర్థం, అదీ అమెరికా గాలన్లే. 75ను 3.785తో గుణిస్తే రోజుకు 284 లీటర్లు, గంటకు 11.8 లీటర్లు. 80 జీపీడీ అయితే గంటకు 12.6, 100 అయితే 15.8. ఇది శుద్ధి అయి బయటికొచ్చే నీళ్ల లెక్క. పారబోసే నీళ్లు దీనికి అదనం.

ఆ అంకె 25 డిగ్రీల నీటితో, నిర్ణీత పీడనం, నిర్ణీత టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల మొత్తం) దగ్గర పరీక్షించినప్పటిది. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువగా ఉన్నా, చలికాలం నీళ్లు చల్లగా ఉన్నా, పంపు పీడనం తగ్గినా అంత రాదు. మెకానిక్ వచ్చి మెంబ్రేన్ మార్చాలి అంటే ముందు కొలవమనండి. ట్యాంకులోకి వెళ్లే శుద్ధి నీటి పైపు తీసి కొలత జగ్గులో పెట్టి ఐదు నిమిషాలు పట్టండి. 75 జీపీడీ మెంబ్రేన్ బాగుంటే, నీళ్లు మరీ చల్లగా లేకపోతే, లీటరుకు దగ్గరగా నిండాలి. అరలీటరు కూడా రాకపోతే మొదట సెడిమెంట్ ఫిల్టర్, కార్బన్ ఫిల్టర్ మూసుకుపోయాయేమో చూడండి. అవి మార్చి మళ్లీ ఐదు నిమిషాలు పట్టి, పంపు పీడనం కూడా సరిగా ఉండి, అప్పటికీ రాకపోతేనే మెంబ్రేన్.